సముద్రంలో గాలం వేసి, పట్టిన చేపను వండుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ట్రిప్పుకీ మా గుంపులోకి ఒకరో ఇద్దరో కొత్తవాళ్లు వస్తారు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతారు: ఎర ఎవరు తెస్తున్నారు, వాంతులవుతాయా, చేప పాడైపోదా? చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇది రాసి పెట్టాను. మీ సందేహం ఎక్కడుందో అక్కడికి నేరుగా వెళ్లిపోవచ్చు. అందరూ గాలం గురించే ఎక్కువ అడుగుతారు, నేను మాత్రం ఐస్ గురించే ఎక్కువ చెబుతాను. చేప దొరక్క మేము బాధపడ్డ రోజుల కన్నా, దొరికిన చేపను చేజేతులా పాడు చేసుకున్న రోజులే ఎక్కువ.

## బయల్దేరే ముందు

నేనెప్పుడూ గాలం పట్టలేదు. వస్తే మీకు భారం అవుతానా?

అవరు. ఎర గుచ్చడం, ముడి వేయడం, రీల్ తిప్పడం గంటలో వచ్చేస్తాయి. నిజంగా భారమయ్యేది ఆలస్యంగా వచ్చేవాళ్లు. పడవ మనకోసం ఆగినా, పోటు ఆగదు.

పడవలో ఎంతమంది ఉంటే బాగుంటుంది?

పడవ ఎంతమందిని మోయగలదన్నది ఒక లెక్క, ఎంతమంది గాలాలు చిక్కుపడకుండా వేయగలరన్నది ఇంకో లెక్క. రెండో లెక్క ఎప్పుడూ చిన్నదే. చిన్న పడవలో ఒకేసారి నాలుగు గాలాలు దాటితే చేపల కన్నా చిక్కులే ఎక్కువ పడతాయి. ఆరుగురు ఉంటే వంతులు వేసుకోండి. గాలం లేనివాళ్లు వల బుట్ట, ఐస్ పెట్టె చూసుకుంటారు.

ఆటుపోట్లు చూసుకుని వెళ్లాలంటారు. ఎందుకు?

నీరు కదిలితేనే మేత కదులుతుంది, మేత కదిలితేనే పెద్ద చేప వస్తుంది. చాలా తీరాల్లో పోటు నుంచి ఆటుకు దాదాపు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ్టి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిండు పోటులోనూ పూర్తి ఆటులోనూ నీరు కాసేపు నిలబడిపోతుంది. అప్పుడు చేప కొట్టడం తగ్గుతుంది, టిఫిన్ చేయడానికి అదే మంచి సమయం. పోటు ఎక్కుతున్న రెండు మూడు గంటలు, దిగడం మొదలైన మొదటి గంటా రెండు గంటలు నాకు ఎక్కువసార్లు కలిసొచ్చాయి. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో నీటి లాగుడు బలంగా ఉంటుంది. చేప చురుగ్గా తిరుగుతుంది కానీ సీసం గుండు అడుగున నిలవదు, కాబట్టి బరువైన గుండు కావాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు అష్టమి ప్రాంతంలో వెళ్తే నీరు నెమ్మదిగా ఉంటుంది.

వేళ విషయంలో మాత్రం పెద్ద రహస్యమేమీ లేదు. తెల్లవారుజాము, సాయంసంధ్య. పోటు ఆ వేళకు కలిసొస్తే ఇక ఆలోచించకండి.

ఆకాశం నిర్మలంగానే ఉంది కదా, ఇంకేం చూడాలి?

గాలి చూడాలి. ఎండ కాస్తూనే గాలి లేస్తే కెరటాలు పొట్టిగా, దగ్గర దగ్గరగా వస్తాయి, చిన్న పడవను తిప్పలు పెట్టేవి అవే. గాలి ఒకవైపు నుంచి, నీటి లాగుడు దానికి ఎదురుగా ఉంటే కెరటం ఇంకా నిటారుగా లేస్తుంది. పొద్దున్న ప్రశాంతంగా ఉన్న నీటి మీద మధ్యాహ్నానికి ఒడ్డువైపు గాలి లేవడం మామూలే. వాతావరణ సూచనలో గాలి వేగం, దిశ, కెరటం ఎత్తు మూడూ చూడండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఉండే ఒకరికి రాసి ఇవ్వండి. పడవలో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ఆపదకు 16వ ఛానెల్ అని అందరికీ తెలియాలి, నడిపేవాడికి ఒక్కడికే కాదు.

నాకు బస్సులోనే కడుపులో తిప్పుతుంది. పడవ ఎక్కగలనా?

చాలామంది ఎక్కగలరు, కాస్త జాగ్రత్త పడితే. లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, కన్ను "కదలట్లేదు" అంటుంది. ఆ తగువే ఈ వికారం. కంటికి దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూపిస్తూ ఉంటే తగువు చల్లబడుతుంది. ఫోన్ చూడొద్దు, పడవ గదిలోకి వెళ్లి పడుకోవద్దు. ఊపు తక్కువగా ఉండేది పడవ మధ్యభాగంలో, అక్కడ కూర్చోండి. ఖాళీ కడుపుతోనూ రావొద్దు, నూనె పదార్థాలు దట్టించీ రావొద్దు. మాత్ర వేసుకుంటే ఎక్కడానికి కనీసం అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక మింగితే అది కూడా బయటికే వస్తుంది. చాలా మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి వేరే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగి వేసుకోండి, పడవ నడిపేవాళ్లు అసలు వేసుకోవద్దు.

ఈత రాదు, ఫర్వాలేదా?

లైఫ్ జాకెట్ ఒంటి మీద, బిగించి, ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఉంటే ఫర్వాలేదు. పక్కన పెట్టుకుని కూర్చున్న జాకెట్ లెక్కలోకి రాదు. ఈత వచ్చినవాళ్లకీ ఇదే మాట.

ఏదైనా అనుమతి తీసుకోవాలా?

మీరు వెళ్లే తీరాన్ని బట్టి ఉంటుంది. లైసెన్స్, చేపల కనీస పొడవు, గుడ్లు పెట్టే కాలంలో నిషేధం, రక్షిత జాతుల జాబితా, ఈ నాలుగూ అక్కడి మత్స్యశాఖ దగ్గర ముందే కనుక్కోండి. కొలబద్ద ఒకటి సంచిలో పడేసుకోండి.

## గాలం, దారం, ఎర

మొదటిసారికి ఏ రాడ్ కొనాలి?

కొనకండి, అరువు తెచ్చుకోండి. రెండో ట్రిప్పుకు కూడా ఉత్సాహం మిగిలితే 7 అడుగుల మధ్యరకం రాడ్, దానికి 4000 సైజు రీల్ చాలు. పడవకూ, గట్టు మీంచి వేయడానికీ సరిపోతాయి. ఇసుకలో నిలబడి కెరటాల అవతలికి విసరాలంటే మాత్రం 10 అడుగులు దాటిన రాడ్ కావాలి.

దారాల్లో మోనో, బ్రెయిడ్, ఫ్లోరోకార్బన్ అంటున్నారు. తేడా ఏంటి?

మోనో అంటే ఒకే పోగు నైలాన్ దారం, అది సాగుతుంది. కొత్తవాళ్ల చేతి కుదుపులను ఆ సాగుడే కాపాడుతుంది. బ్రెయిడ్ అంటే సన్నటి పోగులు అల్లిన దారం. అది సాగదు, సన్నగా ఉండి ఎక్కువ బరువు ఓరుస్తుంది, చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ చిక్కుపడితే విప్పడం నరకం, వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో కంటికి తక్కువగా ఆనుతుంది, రాపిడికి ఓర్చుకుంటుంది కాబట్టి గాలం దగ్గరి మీటరు ముక్కకు వాడతాం. పళ్లు పదునుగా ఉండే చేపలు తిరిగేచోట ఆ ముక్క స్టీలు తీగదై ఉండాలి.

నా ముడి ఎప్పుడూ జారిపోతోంది. ఎందుకు?

పొడిగా బిగిస్తున్నారు గనక. బిగించేటప్పుడు పుట్టే వేడికి దారం బలహీనపడుతుంది, ముందు ఉమ్మితో తడపండి. దారాన్ని మడత పెట్టి ఆ మడతను గాలం కంటిలోంచి దూర్చండి, మామూలు ముడి ఒకటి వదులుగా వేయండి, చివర మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నంతా దాటించి, తడిపి, లాగండి. దీన్ని పాలమార్ ముడి అంటారు. మోనోకూ బ్రెయిడ్‌కూ రెంటికీ నిలుస్తుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇరవైసార్లు వేయండి, ఊగే పడవలో చేతులు అవే వేస్తాయి.

ఏ ఎర మంచిది?

ఆ నీళ్లలో ఆ చేప రోజూ తినేదే. రొయ్య, కోసిన చిన్నచేప, స్క్విడ్ ముక్క, ఇసుక పురుగు. స్క్విడ్ గట్టిగా ఉంటుంది, చిన్నచేపలు పీక్కుపోలేవు. రొయ్యకు అన్ని చేపలూ వస్తాయి, పీతలు కూడా. ఎర ఎండలో పెట్టకండి. కుళ్లిన ఎరకు చేప ఎగబడుతుందనేది ఒడ్డున చెప్పుకునే మాట, నాకైతే తాజా ఎరకే ఎక్కువ పడ్డాయి.

ఎర మాయమవుతోంది, చేప మాత్రం పడట్లేదు!

గాలం నోటికి మించి పెద్దదై ఉండాలి, లేదా ఎర ముక్క పెద్దదై ఉండాలి. రెండూ చిన్నవి చేసి చూడండి. మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం వాడుతుంటే ఇంకో కారణం ఉంది: చేప ముట్టగానే మీరు రాడ్‌ను గట్టిగా గుంజుతున్నారు. ఆ గాలానికి గుంజుడు పనికిరాదు. చేప నోట్లో పెట్టుకుని పక్కకు తిరిగి వెళ్తున్నప్పుడు మెల్లగా రీల్ తిప్పితే, అదే జారుకుంటూ వచ్చి మూతి మూలలో పట్టుకుంటుంది. కొత్తవాళ్లకు నేను ఇచ్చేది ఎప్పుడూ ఇదే. చాలావరకు కడుపులోకి మింగదు కాబట్టి వదిలేయాల్సిన చేప కూడా బతుకుతుంది.

రీల్‌లో డ్రాగ్ ఎంత బిగించాలి?

డ్రాగ్ అంటే చేప ఎంత బలంగా లాగితే దారం జారాలో తేల్చే బిగింపు. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు పెట్టండి. 6 కిలోల దారమైతే కిలోన్నర నుంచి 2 కిలోల లాగుడుకు దారం జారాలి. స్ప్రింగ్ త్రాసు కట్టి ఒడ్డునే చూసుకోండి. చేప పడ్డాక బిగించేవాళ్లు చేపనూ దారాన్నీ రెండూ పోగొట్టుకుంటారు.

## నీటి మీద

పడింది! పెద్దదే! ఇప్పుడేం చేయాలి?

ముందు అరవడం ఆపండి. రాడ్ చివర పైకి ఉంచండి, దారం సడలనివ్వొద్దు. అది పరుగెడుతూ దారం లాక్కుంటుంటే రీల్ తిప్పొద్దు, దారం మెలిపడడం తప్ప లాభం లేదు. ఆగినప్పుడు రాడ్‌ను పైకి ఎత్తండి, దించుతూ రీల్ తిప్పండి. మళ్లీ ఎత్తండి, మళ్లీ దించుతూ తిప్పండి. మిగతావాళ్లు తమ గాలాలు పైకి లాగేసుకోవాలి, ఇది మర్యాద కాదు, నియమం. పడవ దగ్గరికొచ్చాక వలబుట్టను నీళ్లలో ముందే ముంచి పెట్టి, తల వైపు నుంచి ఎక్కించాలి. తోకవైపు నుంచి ఎక్కించబోతే ఒక్క ఊపుతో వెళ్లిపోతుంది. మేము పోగొట్టుకున్న "పెద్ద చేపలన్నీ" అలా పోయినవే, ప్రతి ఏడూ వాటి బరువు ఇంకాస్త పెరుగుతూ ఉంటుంది.

చిన్నది పడింది, వదిలేద్దామనుకుంటున్నా. ఎలా?

చేతులు తడుపుకుని పట్టుకోండి. పొడి చేయి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్ష. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. గాలం లోతుగా దిగితే పీకకుండా దారాన్ని దగ్గరగా కత్తిరించేయండి. లోతులోంచి వచ్చిన చేపది వేరే కథ. ప్రతి 10 మీటర్లకూ నీటి ఒత్తిడి ఇంకో వాతావరణమంత పెరుగుతుంది, పైకి లాగేసరికి లోపలి గాలిసంచి ఉబ్బి కళ్లు, పొట్ట బయటికి తన్నుకొస్తాయి. దాన్ని పైన వదిలితే మునగలేక చస్తుంది. బరువు కట్టిన క్లిప్‌తో కిందికి దించి వదలాలి. లోతు నీళ్లలో వరసగా చిన్నవే పడుతుంటే ఆ చోటు మార్చడం మేలు.

ముట్టుకోకూడని చేపలు ఉంటాయా?

ఉంటాయి. తోక మీద ముల్లుండే టేకు చేప, వీపు మీదా పక్కలా గట్టి ముళ్లుండే సముద్రపు జెల్ల, రెక్కలు విసనకర్రలా విప్పే చారల చేప. పేరు తెలియని చేపను చేత్తో పట్టుకోవద్దు, పొడవాటి పటకారు వాడండి. ముల్లు గుచ్చుకుంటే చేతికి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఈ విషాలు వేడికి విరిగిపోయే రకం. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తో చూడండి, నొప్పిలో ఉన్న చేయి కాలినా తెలియదు. తర్వాత డాక్టర్ దగ్గరికి. ఛాతీలోనో పొట్టలోనో ముల్లు దిగితే పీకకుండా అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గాలం వేలికి దిగిపోయింది. లాగేయొచ్చా?

కొండి, అంటే మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లు, లోపలికి దిగితే వచ్చిన దారినే లాగొద్దు, కండ చీరుకుపోతుంది. దారం కత్తిరించి, గాలం కదలకుండా గుడ్డ చుట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంటి దగ్గరైతే ముట్టుకోనే వద్దు. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. మేమిప్పుడు కొండ్లన్నీ ఒడ్డునే పటకారుతో నొక్కేస్తాం. ఒకటి రెండు చేపలు జారిపోతాయి, వేళ్లు మిగులుతాయి.

చిన్న కోతే పడింది, ఉప్పునీళ్లే కదా, అదే మానుతుందా?

మానదు. వెచ్చటి సముద్రపు నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది గాయంలోంచి లోపలికి వెళ్లగలదు. మంచినీళ్లు, సబ్బుతో కడిగి కట్టు కట్టండి. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. కొన్ని గంటల్లో ఎర్రబడి, వాచి, నొప్పి పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, సముద్రంలో దిగామని అక్కడ చెప్పాలి.

దూరంగా ఉరుము వినిపించింది. ఇంకాసేపు ఉండొచ్చా?

ఉండకూడదు. గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు పారుతుంది, నీటి మీద అందరికన్నా ఎత్తున నిలబడి దాన్ని పట్టుకున్నది మీరే. రాడ్లు కింద పడుకోబెట్టి ఒడ్డుకు తిప్పండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ నీళ్లలోకి.

## చేప పడ్డాక, పొయ్యి ఎక్కేలోపు

పడిన చేపను బకెట్ నీళ్లలో వేసి ఉంచితే చాలదా?

చాలదు. వంట రుచి ఇక్కడే, పడవ మీదే తేలిపోతుంది. మా మొదటి ట్రిప్పులో ఆరు చేపలు బకెట్లో వేసి, పైన తడి గోనె కప్పి, నాలుగు గంటలు గొప్పగా తిరిగాం. ఒడ్డుకొచ్చేసరికి కళ్లు మసకబారి, పొట్ట మెత్తబడి, వాసన మాకంటే ముందే దిగింది. తప్పు వండినవాడి మీద వేశాం, పాపం.

చేయాల్సింది ఇది. చేప పైకి రాగానే తల మీద బరువైన కర్రతో ఒక్క దెబ్బ వేసి ప్రాణం తీసేయండి. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేప ఒంట్లో వేడీ ఆమ్లమూ పెరిగి కండ త్వరగా మెత్తబడుతుంది. జపాన్ జాలర్లు మెదడులో మేకు దించే ఇకే జిమే పద్ధతి కూడా ఇందుకే. వెంటనే మొప్పల వెనక రక్తనాళం కోసి, తల కిందికి ఉండేలా సముద్రపు నీళ్ల బకెట్లో కొన్ని నిమిషాలు పెట్టండి. రక్తం పోతుంది, కండ తెల్లగా, నీచు తక్కువగా ఉంటుంది. తర్వాత ఐస్ ముద్దలోకి: రెండు వంతుల ఐస్, ఒక వంతు సముద్రపు నీరు. ఉప్పు నీరు సున్నా కంటే కాస్త కిందికి చల్లబడగలదు, పైగా చేప ఒంటికి అన్నివైపులా తగులుతుంది. ఉత్త ఐస్ మీద పెడితే ఆనుకున్న వైపే చల్లబడుతుంది.

ఐస్ ఎంత పట్టుకెళ్లాలి?

పట్టాలనుకున్న చేపకు కనీసం అంతే బరువు, ఎండాకాలమైతే రెట్టింపు. పెట్టెను ముందురోజు రాత్రే కొంచెం ఐస్ వేసి చల్లబరచండి. తాగే నీళ్ల సీసాలకు వేరే పెట్టె పెట్టుకోండి, లేకపోతే అరగంటకోసారి ఎవరో ఒకరు చేపల పెట్టె మూత తీస్తారు.

ఐస్ లేకపోయినా బాగా ఉడికిస్తే సరిపోదా?

సరిపోదు, ప్రమాదం కూడా. సూర, కానాగంత, కవళ్లు లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. వెచ్చగా వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి ఏర్పడ్డాక ఉడికించినా, వేయించినా, గడ్డకట్టించినా పోదు. వాసన కూడా తేడా రాకపోవచ్చు. తిన్నప్పుడు నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే ఉమ్మేయండి. కొన్ని నిమిషాల నుంచి గంటల్లో ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అసలు తినకూడని చేపలు ఏవి?

గాలి మింగి బంతిలా ఉబ్బే చేప. దానిలోని టెట్రోడోటాక్సిన్‌కు విరుగుడు లేదు, వంటకు పోదు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే బాగా పెద్ద వేటచేపలు కూడా వద్దు. వాటిలో సిగ్వాటెరా విషం పోగుపడి ఉండొచ్చు, అది సోకినవాళ్లకు చల్లనిది వేడిగా తోస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు సొర, కత్తిచేప లాంటి పాదరసం ఎక్కువుండే పెద్దచేపలు మానాలి. పేరు చెప్పలేని చేపను మా గుంపు తినదు.

ఇంత తాజాది కదా, పచ్చిగా తింటే?

తాజాదనానికీ పురుగుకీ సంబంధం లేదు. అనిసాకిస్ అనే సన్నటి పురుగు సముద్రపు చేపల పేగుల్లో ఉంటుంది, చేప చచ్చాక కండలోకి పాకగలదు. −20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టిస్తే చస్తుంది. ఇంట్లో ఫ్రీజర్లు చాలావరకు అంత చల్లగా ఉండవు. వండుకోండి.

శుభ్రం ఎక్కడ చేయాలి?

పేగులు పడవ మీదే తీసేయడం మంచిది, అక్కడి నియమాలు ఒప్పుకుంటే. పొలుసు తోక నుంచి తల వైపు గీకాలి. వెన్నెముక కింద నల్లటి రక్తపు గీత ఉంటుంది, చెంచాతో దాన్ని గీకేయడం మరిచిపోతారు. కోసిన ముక్కలను మంచినీళ్లలో నానబెట్టొద్దు, కండ నీరు పీల్చి రుచి చప్పబడుతుంది.

## వంట

సముద్రపు చేపకు అంత నీచు ఎందుకు? ఎలా పోతుంది?

ఉప్పునీళ్లను తట్టుకోవడానికి సముద్రపు చేప ఒంట్లో ఒక పదార్థం దాచుకుంటుంది. చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమిన్‌గా విరగ్గొడుతుంది, ఆ నీచు అదే. పులుపు తగిలితే అది గాలిలోకి లేవలేదు. నిమ్మరసం, వెనిగర్, చింతపండు, ఏదైనా సరే. అయితే నిమ్మరసంలో అరగంట మించి ఉంచితే కండ పైన తెల్లబడి పిండిలా అవుతుంది.

ఏ చేపను ఎలా వండితే బాగుంటుంది?

కొవ్వున్న చేపను నిప్పుల మీద కాల్చండి, దాని నూనే దాన్ని కాపాడుతుంది. కొవ్వు లేని తెల్లకండ చేపను పెనం మీద వేయించండి, లేదా ఆవిరి పట్టండి. తలలూ ముళ్లూ సూప్‌లోకి, 20 నుంచి 30 నిమిషాలు చాలు, ఎక్కువ మరిగిస్తే చేదెక్కుతుంది. ఆ రోజే పట్టిన చేపకు నేను ఉప్పు, నిమ్మకాయ, కాస్త మిరియం తప్ప ఏమీ వేయను. మా గుంపులో సగం మంది దీనికి ఒప్పుకోరు, మసాలా డబ్బా జేబులోనే తెస్తారు.

పెనానికి అంటుకుని ముక్కలైపోతోంది.

తడి. చేపను గుడ్డతో అద్ది, ఉప్పు రాసి 15 నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని మళ్లీ అద్దండి. పెనం బాగా కాగాకే నూనె, నూనె కాగాకే చేప, తోలువైపు కిందికి. వేశాక మొదటి అరనిమిషం గరిటెతో మెత్తగా నొక్కండి, ఆ తర్వాత కదపొద్దు. తోలు కరకరలాడే స్థితికి వచ్చాక పెనాన్ని అదే వదిలేస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టలేనివాళ్లకు గరిటె ఇవ్వొద్దు.

ఉడికిందని ఎలా తెలుస్తుంది?

అత్యంత దళసరి చోట ప్రతి 2.5 సెంటీమీటర్లకు సుమారు 10 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీలు. ఏమీ లేకపోతే ఫోర్కు గుచ్చి తిప్పండి, గాజులాంటి మెరుపు పోయి కండ పొరలు పొరలుగా విడిపోతే అయినట్టే. మొత్తం చేపైతే వీపు రెక్క లాగితే ఊడి చేతికొస్తుంది.

ఆరుగురికి ఎంత చేప సరిపోతుంది?

మొత్తం చేప బరువులో ముల్లు లేని కండ 35 నుంచి 45 శాతమే వస్తుంది. 2 కిలోల చేపంటే ముప్పావు కిలో చిల్లర. మనిషికి 200 గ్రాములు వేసుకుంటే ఆరుగురికి 3 కిలోలైనా పట్టాలి.

వాటాలు ఎలా పంచుకోవాలి? ఎవరి గాలానికి పడితే వాళ్లదా?

మొత్తం ఒకే పెట్టె, ఒకే వంట, మిగిలింది సమానంగా. ఎవరి చేప వాళ్లది అన్న రోజున చిక్కు విప్పడానికి ఎవరూ రారు.

ఒక్కటీ పడకపోతే?

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుడ్లు సంచిలో ఉండనివ్వండి. మేము వాటిని చాలాసార్లు తిన్నాం.

మిగిలిన చేపను ఎన్నాళ్లు ఉంచొచ్చు?

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు ఒకటి రెండు రోజులు. −18 డిగ్రీల ఫ్రీజర్‌లో గాలి చొరకుండా చుట్టి పెడితే కొవ్వు చేప రెండు మూడు నెలలు, తెల్లకండ చేప ఆరు నెలల దాకా రుచి పోదు. సంచి మీద తేదీ రాయండి.

## ఇంటికొచ్చాక

రీల్‌ను రోజూ కడగాలా?

సముద్రానికి వెళ్లిన ప్రతిసారీ, ఆ రాత్రే. డ్రాగ్ బిగించి, సన్నటి ధారగా మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. పైపుతో ఒత్తిడిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది.

చేతుల వాసన సబ్బుకి పోవట్లేదు!

ముందు చల్లటి నీళ్లతో కడిగి, నిమ్మచెక్కతో గోళ్ల కిందదాకా రుద్దండి, సబ్బు ఆ తర్వాత. కారు వాసనకు మాత్రం నా దగ్గర మందు లేదు. ఐస్ పెట్టె మూత సరిగా పెట్టారో లేదో డిక్కీ మూయకముందే ఇద్దరు వేర్వేరుగా చూడండి.